పరామర్శకెళ్లి కారు దిగలేకపోయాం

మేం కారు కొన్న వారంలోనే నౌపడలో మా మేనమామ పోయారు. పరామర్శకు వెళ్లి వాళ్ల వాకిట్లో ఆగేసరికి మా కారు రేడియోలో తీన్మార్ పాట మోగుతోంది. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఏ బటన్ నొక్కినా, ఆఖరికి బండి ఆపి తాళంచెవి తీసేసినా పాట ఆగలేదు.

"తలుపు తియ్యకండి, పరువు పోతాది," అంది మా ఆవిడ.

అద్దాలు బిగించుకుని, చెమటతో తడిసిన మొహాలు తుడుచుకుంటూ ఎండలో కూర్చున్నాం. ఇంట్లో ఏడుపుల వల్ల పాట ఎవరికీ వినపడలేదు.

చివరికి మావయ్య కొడుకే వచ్చి నా వైపు తలుపు తీశాడు. పాట ఠక్కున ఆగిపోయింది.

"ఊరుకో బావా, ఇంతలా ఏడిసీస్తే ఎలాగ? నాన్న మరి రాడు. దిగు," అన్నాడు.

తాళంచెవి తీశాక డ్రైవరు వైపు తలుపు తెరిస్తేనే ఆ రేడియో ఆగుతుందని తర్వాత షోరూములో చెప్పారు.

మావయ్య మీద మాకున్నంత ప్రేమ ఇంకెవరికీ లేదని ఆ ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు. మేం తల దించుకుని వింటాం. దాన్ని కూడా దుఃఖమే అనుకుంటారు.