మా సారు ముఖం మీది గుంతలు

పటాన్‌చెరులో మాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్పిన సారు పోయిన నెలలో ఒక మంగళవారం నిద్రలోనే కన్నుమూశారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. ఈ వాక్యం ఆయనకు నచ్చదు. మరీ నున్నగా ఉంది.

వస్తువు ఆకారాన్ని కదపకుండానే దాని ఉపరితలానికి గరుకుదనం తెప్పించడం ఆయన బోధించిన విద్య. వస్తువు చుట్టూ ఒక నలుపు తెలుపు చిత్రాన్ని చుడతారు. నలుపును గుంతగా, తెలుపును మిట్టగా భావించి కంప్యూటరు వెలుగునీడలు పరుస్తుంది. ఇందుకు కావలసిన నమూనాల కోసం సారు పారిశ్రామికవాడలో స్కూటరు ఆపి కంపెనీ గేట్ల తుప్పును ఫోటో తీసేవారు. కాలుష్యంపై ఫిర్యాదేమోనని అనుమానించిన ఒక యాజమాన్యం మర్నాడే గేటుకు రంగు వేయించింది.

"బంగారమసొంటి తుప్పు! ఖరాబు చేసిన్రు" అని సారు ఆ రోజంతా బాధపడ్డారు.

చివరి పరీక్షకు ఆయన తన తలనే ఇచ్చారు. కంప్యూటరులో ఆకారం సిద్ధంగా ఉంది; చర్మం మేము వేయాలి. చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంతలు ఆయన చెంపల నిండా ఉండేవి. గురుభక్తి కొద్దీ తరగతి యావత్తూ, ఎవరికి వారే, వాటిని పూడ్చివేసింది.

సారు తెరలన్నీ చూశారు. "ఎవరుర ఈ పెండ్లి పిలగాడు?"

"మీరే సార్."

"నా మొహం మీద రోడ్డేసిన్రు గదర! నా గుంతలు నాకు వాపస్ ఇయ్యుండ్రి."

ఇచ్చాము. ఉత్తీర్ణులమయ్యాము.

పదోరోజుకు ఫ్లెక్సీ వచ్చింది. దుకాణదారు తన వృత్తి మర్యాదను పాటించి సారును నున్నగా, గులాబీ రంగులో తీర్చిదిద్దాడు. మేడమ్, అంటే సారు భార్య, దానిని కట్టనివ్వలేదు.

"ఈయనెవరో నాకెర్కలేదు బిడ్డా. పరాయి మొహంతోని మీ సారును ఎట్ల సాగనంపుదు?"

"గుంతలు పెడితే మంచిగుండదమ్మా" అన్నాడు దుకాణదారు.

"గా గుంతలు చూసే ఒప్పుకున్న. నీకేం నొప్పి?"

తరగతి కంప్యూటరులో భద్రంగా ఉన్న మా పరీక్ష పనిని వెలికితీసి, పక్కనుంచి వెలుతురు పడేలా చేసి, మళ్లీ అచ్చు వేయించాము. మేడమ్ చేయి చాచి చెంప తడిమారు. ఫ్లెక్సీ చదునైనదే. అయినా ఒక్కో గుంత దగ్గర ఆమె వేలు నెమ్మదించింది.

"ఆఁ. ఇగ ఈయనే."

ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. లారీల దుమ్ము రోజుకింత దాని మీద చేరుతోంది. ఎవరైనా గుడ్డ తీసుకొని వెళితే మేడమ్ అడ్డుపడుతున్నారు.

"ఉండనియ్యి. ఆయనకు గట్లనే ఇష్టం."