గుణింతం లేని పేరు

చిత్తూరులో కంటి ఆపరేషన్ల శిబిరానికి పేర్లు నమోదు చేసే ఫారం రాసింది నేనే. తిరుపతిలో మా చిన్న ఆఫీసులో కూర్చుని, జావా అనే కంప్యూటర్ భాషలో. పేరు గడిలో చెత్తాచెదారం పడకుండా ఒక నమూనా పెట్టాను. తెలుగు అక్షరాలుంటేనే లోపలికి, లేదంటే 'పేరు చెల్లదు'. అల, వల, తల, పలక అని కొట్టి చూశాను. అన్నీ లోపలికి పోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

నమోదు ఒక్కరోజే, సాయంత్రం ఐదు దాకా. పొద్దున పదికల్లా ఫోన్ల మీద ఫోన్లు, పేర్లు పోవడం లేదని. ముందు టైపు చేసేవాళ్లను తిట్టుకున్నాను. తర్వాత నా నమూనాలో బ్యాక్‌స్లాష్ అనే వాలుగీతలు ఉండాల్సినట్టు రెండేసి ఉన్నాయా అని చూశాను, కంటికి కనిపించని ఖాళీల కోసం వెతికాను. ఎక్కడా తప్పు లేదు. నాకు ఒళ్లు మండిపోతోంది.

అప్పుడే మా పెద్దమ్మ ఫోన్. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన టీచరమ్మ. ఇప్పుడు రెండు కళ్లలోనూ పొర. చిత్తూరులో ఆ నమోదు వరుసలోనే నిలబడి ఉంది.

"నా పేరు చెల్లదంటా ఉండారప్పా."

"సరిగ్గా కొట్టమను పెద్దమ్మా! ఈడ అల, వల, పలక అన్నీ పోతా ఉండాయి" అని కసిరాను.

"సరే నాయనా" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మళ్లీ చేసింది. "పోయిందప్పా! నువ్వు చెప్పినవన్నీ గుణింతం రాకముందు పాఠాలు గదా. నా పేర్లో దీర్ఘం, గుడి తీసేసి కొట్టమన్నా. పోయింది."

అప్పుడు తెలిసింది నాకు. జావా లెక్కలో అక్షరం వేరు, దానికి తగిలించే గుణింతపు గుర్తు వేరు. నేను అక్షరాలను మాత్రమే రానిచ్చాను. గుర్తులనూ రానిమ్మని ఒక్క ముక్క చేరిస్తే నిమిషంలో బాగైంది. మిగతావాళ్ల పేర్లు గబగబా ఎక్కాయి. పెద్దమ్మ పేరు చివర్లో దిద్దుదాంలే అనుకున్నాను. ఆ హడావుడిలో మరిచిపోయాను. ఐదింటికి జాబితా మూసేశారు.

ఆపరేషన్ రోజు పెద్దమ్మకు తోడుగా నేనూ వెళ్లాను. గుర్తింపు కార్డులో పేరొకటి, జాబితాలో పేరొకటి అని ఆమెను తిప్పి పంపేశారు. చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపిస్తూ, తప్పు నాదే పెద్దమ్మా అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"నీదేముందిలే అప్పా. ముప్పై ఏండ్లు పిల్లోళ్ల చేత దీర్ఘాలు దిద్దించినా. నా పేరుకు నేనే తీసేయించుకుంటి."

ఎదురుగా బస్సొచ్చి ఆగింది. బోర్డు మీద ఏ ఊరుందో చూసి చెప్పమంది.