వదిలితే పారిపోయే స్టీరింగు

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆవిడని అందరూ బ్రేకక్క అనే పిలిచేవారు. నేర్పే కారులో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా దాని మీద కుడికాలు ఆనించి కూర్చున్న మనిషి ఆవిడ. కుడికాలి చెప్పు ఎడమదాని కంటే ముందే అరిగిపోయేది. మనిషి పొట్టి, మాట కారం. నేర్చుకునేవాళ్లని తిట్టకుండా ఒక్క వీధి కూడా దాటించేది కాదు. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు కారుని గోడకి కొట్టరని పేరు.

ఆ స్కూల్లోకి ఓనరుగారి అల్లుడు అడుగుపెట్టాడు. ఏ పనీ కలిసిరాక మామగారి నీడకి చేరినవాడు, ఆ సంగతి మరిపించడానికి పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాడు. వచ్చిన నెలకే వెనక గదిలో క్లచ్చు, బ్రేకు విడిభాగాలు పెట్టి చూపించే బల్లని బాత్రూం పక్క సందులోకి తోయించి, ఆ స్థానంలో డ్రైవింగ్ ఆట ఆడే యంత్రం ఒకటి దింపాడు. ఒక సీటు, మూడు పెడళ్లు, ఒక స్టీరింగు, ఎదురుగా గోడంత టీవీ. స్టీరింగు లోపల చిన్న మోటారు ఉంటుందట. మలుపు తిరిగితే బరువు, గుంతలో పడితే కుదుపు, అన్నీ చేతులకి తెలుస్తాయట.

"అక్కా, ఇక మీరు ఎండలో తిరిగి గొంతు చించుకోనక్కర్లేదు. సగం పని ఇదే చేస్తుంది," అన్నాడు.

"మిగతా సగం మీరు చేస్తారా బాబూ?" అంది బ్రేకక్క.

మొదటి రెండు వారాలూ ఆ స్టీరింగు చచ్చినట్టే ఉంది. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పినట్టు ఎటు తిప్పితే అటు తిరిగేది. బరువూ లేదు, కుదుపూ లేదు. అల్లుడుగారు రెండు రోజులు తలుపేసుకుని స్క్రీన్ మీద కనిపించిన ప్రతి మీటా నొక్కాడు, ప్రతి గీతనీ చివరిదాకా లాగాడు. ఏమీ జరగలేదు. మూడోరోజు పొద్దున వచ్చి చూస్తే స్టీరింగు దానంతటదే ఇటొకసారి అటొకసారి గిర్రున తిరిగి సిద్ధమైంది. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. అందర్నీ పిలిచి, చేతులు కట్టుకుని నిలబడి, "టెక్నాలజీకి ఓపిక కావాలండీ," అన్నాడు. ఓనరుగారు అల్లుడి భుజం తట్టి మురిసిపోయారు. ఇకమీదట ఎవరైనా సరే, పది గంటలు యంత్రం మీద కూర్చున్నాకే కారెక్కాలని కొత్త నియమం పెట్టారు.

బ్రేకక్క ఆ గది ఛాయలకే వెళ్లలేదు. బొమ్మ కారు నడిపేవాళ్లని చూస్తూ కూర్చోవడానికి తనేం పనీపాటా లేని మనిషా అనుకుంది.

పది గంటలు పూర్తిచేసి మొదట కారెక్కినవాడు వీధి చివరి మందుల షాపతను. నెమ్మదైనవాడు, మాట పెగలదు. మొదటి మలుపు బాగానే తిప్పాడు. తిప్పాక స్టీరింగుని చేతుల్లో జారనిస్తే దానంతటదే మధ్యకి వచ్చేస్తుంది కదా, ఇతను అలా వదలకుండా బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. కారు కాస్తా రోడ్డుకి రెండోవైపు దూకింది. బ్రేకక్క కాలు నొక్కి ఆపింది. నాలుగు రోజులు, నాలుగు మలుపులు, అదే తప్పు. నాలుగోరోజు ఆవిడ నోరు ఆగలేదు.

"మందు చీటీ చదవగలిగిన కళ్లకి రోడ్డు కనబడదా? చేతులకి బుర్ర లేకపోతే నేనేం నేర్పను?"

వెనక సీట్లో మరో ఇద్దరు కిసుక్కున నవ్వారు. అతను మర్నాటి నుంచి రావడం మానేశాడు.

తర్వాత వచ్చిన రిటైరైన గుమాస్తాదీ అదే తప్పు. ఆయన్నీ తిట్టింది. మూడోది టైలరమ్మ. నలభై దాటిన మనిషి, చేతిలో పనితనం ఉన్న మనిషి. గోదాము పక్క మలుపు దగ్గర ఆవిడా అలాగే లాగింది. ఖాళీ పెట్టెల దొంతరకి బెత్తెడు దూరంలో కారు ఆగింది.

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది గాని, టైలరమ్మ అరచేతులు చూసి బ్రేకక్క ఆగిపోయింది. రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఎందుకంత గట్టిగా పట్టుకుంటావు? ఎవరైనా లాక్కుపోతారా?"

"మిషన్లో లాక్కుపోతుందక్కా. తిప్పి వదిలామా, ఇంకా అటే పారిపోతుంది. బలవంతాన వెనక్కి లాక్కోవాలి. అదే అలవాటైపోయింది."

బ్రేకక్క కారు స్కూలుకి తిప్పించి, మొదటిసారి ఆ యంత్రం సీట్లో కూర్చుంది. తిన్నగా పోతున్న బొమ్మ కారు స్టీరింగు మీద చెయ్యి సడలించింది. అది మధ్యలో నిలవకుండా ఒకవైపు కొట్టుకుపోయి, కొసకి తగిలి టక్కున ఆగింది. రెండోవైపు తిప్పి చూసింది. అటూ అంతే. ఆవిడకి ఒళ్లు మండింది. ముగ్గురు మనుషులకి పది గంటల చొప్పున ఈ యంత్రం తప్పు నేర్పింది. ఆ తప్పుకి తను వాళ్లలో ఇద్దర్ని తిట్టింది.

అల్లుడుగారిని పిలిచింది. ఆయన చూసి నవ్వాడు.

"అదే అక్కా రియలిజం అంటే. అసలు కారు కూడా అంతే బలంగా లాగుతుంది."

"ఏ కారు లాగుతుంది బాబూ? మీరు నడిపిన కారు ఏదో చెప్పండి, వెళ్లి చూసొస్తాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా లైసెన్సు ఇంకా... అప్లికేషన్‌లో ఉంది."

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడి వెనకే వచ్చిన ఓనరుగారు ఏదో ఫోను వచ్చినట్టు బయటికి నడిచారు.

మర్నాడు యంత్రం అమ్మిన కంపెనీ నుంచి నిపుణుడు వచ్చాడు. మెళ్లో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చేతిలో తాళం వేసిన పెట్టె. ఆ పెట్టె ఆయన తెరవనే లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. వైరు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో గుచ్చాడు. ఏదో కొత్తది ఎక్కిస్తున్నానని చెప్పి, స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే చుక్కల్ని మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక స్టీరింగు ఎప్పటిలాగే పారిపోయింది.

"మోటారు వీక్ అయింది మేడం. మార్చాలి. ఆరు వారాలు పడుతుంది. ఈలోగా మీవాళ్లని గట్టిగా పట్టుకోమనండి."

"చేతులు వాచేలా పట్టుకుంటున్నారు నాయనా, ఇంక కాళ్లతో కూడా పట్టుకోవాలా?" అంది బ్రేకక్క. ఆయన కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర తరుగుతూ జరిగిందంతా మొగుడితో చెప్పింది. ఆయన మోటార్లకి రాగితీగ చుట్టే పని చేస్తాడు. రోజుకి పాతిక మాటలు మాట్లాడితే ఎక్కువ. వంటింటి గుమ్మంలో కూర్చుని విని, అడిగాడు.

"బలంగా లాగుతోందా, నీరసంగానా?"

"బలంగానే. చెయ్యి విరిగేలా."

"అయితే మోటారుకి ఏం రోగం లేదే. వీకైతే ఆగుతుంది గాని పారిపోదు. తిరగాల్సిన వైపు కాక రెండోవైపు తిరుగుతోంది. రెండు తీగలు అటూ ఇటూ మారితే మా షాపులోనూ ఇంతే. ఎవడో తిరగేశాడు."

"లోపలి తీగలు ఎవరూ ముట్టుకోలేదండీ."

"తీగ కాకపోతే మీట," అని ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ రోజుకి ఆయన మాటల కోటా అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయిన వేళ బ్రేకక్క టైలరమ్మని తోడు పెట్టుకుని యంత్రం ముందు కూర్చుంది. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ఒక్కో తెరా తెరిచింది. బొమ్మల రంగులు, ఇంజను చప్పుడు, అద్దాలు, అన్నీ దాటింది. ఏడో తెరలో స్టీరింగు బొమ్మ కనబడింది. దాని కింద బలం గీత నూటికి నూరు దాకా లాగేసి ఉంది. ఆ కిందే చిన్న గడి, గడిలో టిక్కు, పక్కన రివర్స్ అన్న మాట. ఇరవై రెండేళ్లు గేర్లు వేయించిన మనిషికి ఆ ఒక్క మాట ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

టిక్కు తీసేసింది. బలం సగానికి దించింది. టైలరమ్మని కూర్చోబెట్టింది.

"మలుపు తిప్పు. ఇప్పుడు చేతులు వదులు చెయ్యి. వదులమ్మా, భయమెందుకు!"

స్టీరింగు టైలరమ్మ వేళ్ల మధ్య నుంచి మెత్తగా జారి, మధ్యకి వచ్చి నిలిచింది.

"అయ్యో, అదే వచ్చేస్తోందక్కా! నేనేం చెయ్యట్లేదు!"

"మరే. నువ్వేం చెయ్యకపోవడమే అక్కడ పని."

గది ఊడ్చే ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. అప్పుడు మెల్లగా చెప్పింది. స్టీరింగు లేచిన ఆ మూడోరోజు పొద్దున టీవీ వెనక నల్ల డబ్బా ఒకటి, దాని వైరూ ఊడిపోయి పడున్నాయట. అల్లుడుగారు ఫోను చార్జరు కోసం దాన్ని పీకినట్టున్నారట. ప్లగ్గు ఖాళీగా ఉందని తనే మళ్లీ అందులో పెట్టిందట. అంటే రెండు వారాలూ మోటారుకి కరెంటే లేదు. కరెంటు లేని స్టీరింగు ముందు కూర్చుని ఆ మహానుభావుడు నొక్కిన మీటలన్నీ అలాగే ఉండిపోయి, కరెంటు రాగానే ఒక్కసారి లేచాయి. మురిసిపోతూ ఓనరుగారు తట్టాల్సిన భుజం నిజానికి చీపురు పట్టుకున్న ఈవిడది.

"ఆ సెట్టింగు టెస్టింగ్ కోసం నేనే పెట్టాను," అన్నాడు అల్లుడుగారు సాయంత్రం.

"ఎవర్ని టెస్ట్ చేద్దామని బాబూ? నా కాలినా?" అంది బ్రేకక్క. కంపెనీవాళ్లు తమ నిపుణుడు వచ్చిన రోజే సమస్య తీరిపోయిందని కాగితం పంపించారు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఎగుడుదిగుడుగా ఉన్న కుర్చీ కాలి కింద పెట్టింది.

ముందు కారు, తర్వాతే యంత్రం అని ఓనరుగారు నియమం తిరగరాశారు. గుమాస్తాగారికీ టైలరమ్మకీ పాత అలవాటు మాన్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇద్దరూ పరీక్ష గట్టెక్కారు.

మిగిలింది మందుల షాపతను. బ్రేకక్క ఒకరోజు పని ముగించుకుని షాపుకి వెళ్లింది. తలనొప్పి మాత్రలు అడిగింది, తలనొప్పి లేకపోయినా.

"తప్పు మీది కాదు. యంత్రం తిరగబడింది. రేపటి నుంచి రండి, నేనే దగ్గరుండి నేర్పుతాను," అంది. అంత మెత్తగా మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. గొంతు వింతగా వినిపించింది.

అతను మాత్రలు కాగితం సంచీలో వేసి అందించాడు.

"పర్లేదండీ. స్కూటరుంది నాకు."

"నేనన్న మాట..."

"మీరు అన్నది నలుగురి ముందు. చెప్పడానికి ఒక్కరే వచ్చారు," అన్నాడతను, కోపం లేకుండానే. వెనక ఇంకెవరో దగ్గు మందు అడిగితే అటు తిరిగాడు.

బ్రేకక్క మాత్రలు పట్టుకుని ఇంటికి నడిచింది. మర్నాడు పొద్దున కారులో ముగ్గురు కొత్తవాళ్లు ఎక్కారు. మొదటి మలుపులోనే ఒకడు కారుని కాలవ మీదకి తోలాడు. ఆవిడ బ్రేకు నొక్కి, నోరు తెరిచి, మూసి, "మళ్లీ తిప్పు," అంది.