ముందు పలకరించకూడదు

గ్లెండా థ్రెల్ఫాల్ చేతికింద తల పెట్టని ముసలమ్మ ఇంగ్లండు ఒడ్డున ఉన్న మా రేవుపట్నం ఫ్లీట్‌వుడ్‌లో లేదంటే నమ్మొచ్చు. ముప్పై ఏళ్ళుగా కత్తెరలూ, కర్లర్లూ, డ్రయ్యరూ కారు డిక్కీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి జుట్టు చేసేది. తల తడిస్తే చాలు, మా ఊరి ఆడవాళ్ళకి నోరు తెరుచుకుంటుంది. మొగుడి తాగుడు, కూతురి విడాకులు, డాక్టరుకి ఇంకా చూపించని గడ్డ, అన్నీ గ్లెండా చెవిన పడేవి. ఒక్కటీ బయటికి పొక్కేది కాదు. "నీతో చెప్పుకుంటే సగం బరువు దిగుతుందే తల్లీ, నువ్వు ఆ కౌన్సెలింగేదో చదవాల్సిన దానివి" అనేవాళ్ళు. వందమంది అన్నాక గ్లెండా నిజమే అనుకుంది. అక్కడే ఆమె కొంప మునిగింది.

పదహారో ఏట స్కూలు వదిలాక పుస్తకం ముట్టుకోని మనిషి, యాభై రెండో ఏట పక్క ఊరి కాలేజీలో కౌన్సెలింగ్ ఫౌండేషన్ డిగ్రీలో చేరింది. రెండేళ్ళ చదువు. భర్త డెరిక్ ట్రాము నడుపుతాడు. సంగతి వినగానే పగలబడి నవ్వాడు.

"ఏమే, నోరు మూసుకుని కూర్చుంటే డిగ్రీ ఇస్తారా? ఆ మాత్రం దానికి కాలేజీ దాకా ఎందుకు, ఇంట్లోనే ప్రాక్టీసు చెయ్యి. ఇవాళే మొదలుపెట్టు."

"నీతో మాట్లాడి మాట్లాడి అరిగిపోయిన నోరయ్యా ఇది. కాస్త విశ్రాంతి దొరుకుతుందనే చేరాను."

విశ్రాంతి మాట దేవుడెరుగు. మొదటి నెలలోనే గ్లెండాకి చుక్కలు కనిపించాయి. అక్కడ ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతారు. ఒకరు తమ సొంత కష్టం చెప్పాలి, ఒకరు వినాలి, మూడోవాళ్ళు ఆ వినడం ఎలా ఉందో కాగితం మీద రాయాలి. గ్లెండా వినే వంతు వచ్చింది. ఎదుటి పిల్ల తన ప్రియుడి సంగతి చెబుతోంది. రెండు నిమిషాలు ఓపిక పట్టింది గ్లెండా. మూడో నిమిషంలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "వాడి సామాను మూటగట్టి గుమ్మం బయట పడెయ్యమ్మా, పీడా పోతుంది" అంది. క్లాసంతా గొల్లుమంది. పాఠం చెప్పే ఇమోజెన్ మాత్రం నవ్వలేదు.

"గ్లెండా, ఆ మాట ఆమెకి అవసరమయి అన్నావా, అనకపోతే నీకు ఊపిరాడక అన్నావా?"

ఇమోజెన్‌కి గ్లెండా కూతురి వయసుంటుంది. సన్నటి గొంతు, తప్పు పట్టేటప్పుడు కూడా చల్లగా, మర్యాదగా ఉండే మాట. తిట్టి ఉంటే గ్లెండా తిరిగి తిట్టేది. ఈ మర్యాదకి ఏం చెయ్యాలో తెలియక ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చింది.

సలహా ఇవ్వకూడదు. జాలి చూపకూడదు. ఏడుస్తుంటే రుమాలు అందించకూడదు, బల్ల మీద పెట్టాలి, వాళ్ళే తీసుకుంటారు. టీ ఇస్తానని లేవకూడదు. మా ఊళ్ళో చావుకబురు మోసుకొచ్చినవాడికి కూడా ముందు టీ పెడతారు, ఆ తర్వాతే కబురు వింటారు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగినదానికి ఈ నియమాలు చెప్పడమంటే చేపకి ఒడ్డున నడక నేర్పడమే. మొదటి ఏడాది, ఆమె వినే తీరుని పరీక్ష కోసం చేసిన రికార్డింగులు రెండూ ఫెయిలయ్యాయి. 'మౌనాన్ని భరించలేకపోతోంది' అని రాశారు.

అయినా గ్లెండా మొండిది. నాలుకని పళ్ళకి అదిమిపెట్టి కూర్చోవడం నేర్చుకుంది. జుట్టు చెయ్యడానికి వెళ్ళినప్పుడు కూడా అదే సాధన. ముసలమ్మలు హడలిపోయారు. "ఏమ్మా, నా మీద కోపమొచ్చిందా?" అని అడిగారు. ఒకరిద్దరు వేరే మనిషిని కుదుర్చుకున్నారు కూడా. రెండో ఏడాది రికార్డింగు పాసయింది. ఇక మిగిలింది వంద గంటల ప్రాక్టీసు, నిజమైన మనుషులతో. మెథడిస్టు చర్చి వెనక గదిలో నడిచే ఒక చిన్న సంస్థ ఆమెకి మనుషుల్ని అప్పగించింది. వాళ్ళలో ఒకడు క్లిఫ్ టాటర్సల్.

క్లిఫ్‌కి డెబ్బై ఏళ్ళు. చేపల పడవల మీద ఒళ్ళు గుల్ల చేసుకున్న మనిషి. భార్య ఎప్పుడో పోయింది. నలభై ఏళ్ళ కొడుకు కార్ల్ కిందటి వసంతంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

మొదటి రోజు వచ్చినవాళ్ళకి ఒక కాగితం చదివి వినిపించాలి. ఎన్ని వారాలు కలుస్తాం, చెప్పినవి ఎవరికీ చెప్పం, ఇలా ఏడు అంశాలు. ఏడోది చిన్న ఊళ్ళకి ముఖ్యమైనది. 'బయట ఎక్కడైనా ఎదురుపడితే నేను ముందుగా పలకరించను. నా దగ్గరికి వస్తున్నట్టు మీ వాళ్ళకి తెలియడం మీకు ఇష్టం ఉండకపోవచ్చు కదా. మీరు పలకరిస్తే పలుకుతాను.' గ్లెండా నాలుగో అంశం చదువుతుండగా క్లిఫ్ ఏడుపు మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఏడవని మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో, అలా. ఆమె కాగితం ఫైలు కింద పెట్టేసింది. మిగతావి వచ్చే వారం చదవొచ్చులే అనుకుంది. మరుసటి వారం ఆయన గది తలుపు తియ్యగానే మాటలు మొదలుపెట్టాడు. కాగితం మాట ఆమెకి మళ్ళీ గుర్తు రాలేదు.

మూడో వారం క్లిఫ్ ఇలా చెప్పాడు.

"వాడు పోయినందుకు ఏడుస్తున్నానంటే అదొక ఎత్తు అమ్మాయ్. ఇది ఇంకో ఎత్తు, జనం నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి పోతున్నారు. ముప్పై ఏళ్ళు నాతో ఒకే పడవలో వలలు లాగినవాడు, మొన్న నన్ను చూసి మందుల షాపులోకి దూరాడు. వాడికేం జబ్బు? వాళ్ళకి ఏం మాట్లాడాలో తెలీదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే నేనే ముందు పలకరించడం మానేశాను. ఎందుకు పాపం, ఇబ్బంది పెట్టడం? ఎవరైనా పలకరిస్తే పలుకుతాను."

గ్లెండా నాలుక అదిమిపెట్టి కూర్చుంది. క్లిఫ్ తలెత్తి, "నువ్వు మటుకు చూపు తిప్పుకోవమ్మాయ్" అన్నాడు. అంతకంటే పెద్ద డిగ్రీ ఏ కాలేజీ ఇస్తుంది? ఆ రోజు గ్లెండా ఇంటికి పాట పాడుకుంటూ వచ్చింది.

అలా ఆరు వారాలు గడిచాయి. ఆరో వారం క్లాసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చునే ఆమె, తన దగ్గరికొచ్చే మనిషిని బస్సులో పేరు పెట్టి పలకరించిందట. ఆ మనిషి పక్కన అత్తగారు ఉందట. పెద్ద గొడవైంది, పలకరించినామెని చదువులోంచి తీసేశారు. ఇమోజెన్ అందరికీ ఏడో అంశం మళ్ళీ చదివి వినిపించింది. గ్లెండా భయపడుతూ నోట్సు రాసుకుంది. ఆమెకి గుర్తొచ్చింది నియమమే. దాన్ని క్లిఫ్‌కి చదివి వినిపించలేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

రెండు రోజుల తర్వాత, శనివారం, మార్కెట్లో జున్ను కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు క్లిఫ్. నాలుగడుగుల దూరం. చేతిలో ఒక్క మనిషికి సరిపడే మాంసం కూరిన రొట్టె ఉన్న కాగితం సంచి. ఆమెని చూశాడు. మొహం మెల్లగా విప్పారింది. పెదాలు కదలలేదు. చూస్తూ నిలబడ్డాడు.

ఆయన పలకరిస్తే పలకాలి, పలకరించకపోతే పలకకూడదు. గ్లెండా లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. ఆయన పలకరించలేదు. ఆమె కళ్ళు తిప్పుకుని జున్ను ముక్కల వైపు చూసింది. తిరిగి చూసేసరికి ఆయన లేడు. నియమం తప్పలేదని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ నిమిషంలో, నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడింది కూడా.

బుధవారం క్లిఫ్ రాలేదు. రాకపోయినా యాభై నిమిషాలూ గదిలో కూర్చోవాలని నియమం. ఖాళీ కుర్చీ ముందు కూర్చుంది. ఇరవయ్యో నిమిషంలో ఆయన మాట చెవిలో పడ్డట్టయింది, 'నేనే ముందు పలకరించడం మానేశాను'. ఫైలు తీసి చూసింది. నాలుగో అంశం దాకా టిక్కులున్నాయి. అయిదు, ఆరు, ఏడు ఖాళీ.

మర్నాడు పరుగున ఇమోజెన్ దగ్గరికి వెళ్ళింది.

"ఆయన ఇంటికెళ్ళి ఒక్క మాట చెప్పొస్తానమ్మా. అయిదు నిమిషాలు."

"కాగితం చదవకపోవడం తప్పే గ్లెండా, రాసుకుందాం. కానీ ఇంటికెళ్ళడం అంతకంటే పెద్ద తప్పు. సంస్థ తరఫున ఒక ఉత్తరం వెళ్తుంది. రాకపోవడం కూడా ఆయన తీసుకున్న నిర్ణయమే. దాన్ని గౌరవించాలి. వెళ్ళాలన్న ఆరాటం ఎవరిది?"

"నాదే. అయితే ఏం?"

"వెళ్తే నీ చదువు ఆగిపోతుంది" అంది ఇమోజెన్, అదే మెత్తటి గొంతుతో.

ఉత్తరం వెళ్ళింది. అచ్చు వేసిన నాలుగు వాక్యాలు. జవాబు రాలేదు. ఫైలు మూసేశారు. చివరి వ్యాసం ఆ సంగతి మీదే రాయమన్నారు, రాసింది. తన తప్పు దాచకుండా రాసింది. జీవితంలో ఎన్నడూ రాని మార్కులు వచ్చాయి. 'తన లోపాన్ని నిజాయితీగా పరిశీలించింది, హద్దులు నిలబెట్టుకుంది' అని ఇమోజెన్ అంచున రాసింది. డెరిక్ ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

"రేపో మాపో డిగ్రీ చేతికొస్తుంది. ఏడుపు మొహం ఎందుకే?"

"మనిషిని పోగొట్టి మార్కులు తెచ్చుకున్నానయ్యా."

"ఊరుకో. నువ్వేం చేశావు? చెప్పినట్టే చేశావు."

ఆ మాటే ఆమెని నిలవనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే కోటు వేసుకుని క్లిఫ్ ఇంటికి నడిచింది. పోతే పోనీ చదువు అనుకుంది. ఆయనకి ఆ ఒక్క మాట చెబితే చాలు, అందరిలాంటి దాన్ని కానని తెలిస్తే చాలు అనుకుంది.

క్లిఫ్ తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. అయినా ఆమెని చూడగానే మొహంలో ఏదో కదిలింది.

"నువ్వా అమ్మాయ్!"

గ్లెండా గుమ్మంలోనే నిలబడి గడగడా చెప్పేసింది. ఏడో అంశం, చదవని కాగితం, బస్సులో మనిషి, జున్ను కొట్టు. "కావాలని చెయ్యలేదు క్లిఫ్ గారూ. మీరు ముందు పలకరిస్తారేమోనని ఆగాను. మాకు అలా చెప్పారు. మిమ్మల్ని తప్పించుకోలేదు, మీమీద ఒట్టు."

క్లిఫ్ అంతా విన్నాడు. తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు.

"అయితే నన్ను చూశావన్నమాట" అన్నాడు.

"చూశాను. కానీ..."

"నువ్వు చూడలేదనుకున్నాను నేను. ఆ రోజు నీ కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. చూపు ఆనలేదు పాపం అనుకున్నాను. అలా అనుకునే ఇన్ని వారాలు వెళ్ళదీశాను."

"మరి రావడం ఎందుకు మానేశారు?"

"వస్తే 'నన్ను చూశావా' అని అడక్కుండా ఉండలేను. అడిగితే నువ్వు అబద్ధం చెప్పవు. రాకపోతే చూడలేదనే అనుకోవచ్చు." ఆయన గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే గ్లెండా బతికిపోయేది. "ఈ ఊళ్ళో నన్ను చూసి మొహం తిప్పుకోని మనిషి ఒక్కరున్నారని అనుకుంటూ పొద్దున్నే లేచేవాణ్ణి అమ్మాయ్. ఆ ఒక్కటే ఉండేది నాకు. ఇవాళ దాన్ని కూడా పట్టుకుపోవడానికి వచ్చావా?"

గ్లెండా చెయ్యి చాచింది. క్లిఫ్ తలుపు మెల్లగా వేసుకున్నాడు. లోపల గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.