ఖర్చు లేని క్రిస్మస్

ఇరవై రెండేళ్ల వయసులో నాకు రెండు పనులు బాగా వచ్చని అనుకునేదాన్ని. ఒకటి, పిల్లలకు మంచీ చెడూ నేర్పడం. రెండోది, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం. రెండోది రాదని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అవనిగడ్డ బస్టాండులో, చుట్టూ జనం ఉండగా తేలిపోయింది. మొదటిదాని సంగతి తేలడానికి డిసెంబరు దాకా పట్టింది.

బి.ఎడ్. పూర్తయిన ఏడాదే కోడూరు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరుగా చేరాను. బందరు నుంచి రోజూ తిరగడం కుదరక అక్కడే ఒక గది తీసుకుని ఉండేదాన్ని. వంట రాదు. (ఇప్పటికీ పెద్దగా రాదు, కానీ ఇప్పుడు అనేవాళ్లు లేరు.) నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. సన్నగా, ఒక్క చోట నిలవకుండా బెంచీ మీద ఎగురుతూ ఉండేది. అందరూ ‘రొయ్యపిల్ల’ అనేవాళ్లు, ఆ పిల్లా అదే తన పేరన్నట్టు పలికేది. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లో తిరిగి అమ్ముతుంది. నేనుండే వీధి వెనకే వాళ్ల ఇల్లు. “ఒక్కత్తే ఉంటారు, ఏం వండుకుంటారు టీచరమ్మా” అంటూ ఆవిడ ప్రతి ఆదివారం స్టీలు గిన్నెలో చేపల పులుసు పంపేది. నేను మొహమాటానికి ఒకసారి “ఎందుకండీ శ్రమ” అనేదాన్ని. ఆ మాట పూర్తయ్యేలోపే గిన్నె మూత తీసేసేదాన్ని.

మా కరస్పాండెంటుగారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఏం చెప్పినా చివర “ఆలోచించండి” అనేవారు. ఆ మాట తర్వాత ఎవరూ ఆలోచించేవారు కాదు, చేసేసేవారు. డిసెంబరు మొదట్లో నన్ను పిలిచి, “మీ పండగే కదమ్మా, సెమీ క్రిస్మస్ మీరే చూసుకోండి. బ్రహ్మాండంగా ఉండాలి. ఖర్చు మాత్రం వద్దు. ఆలోచించండి” అన్నారు. (బాలల దినోత్సవానికి షామియానా, ఐస్‌క్రీములు, విజయవాడ నుంచి మెజీషియనూ వచ్చారు. అది ఎవరి పండగో మరి.)

నేను ఆలోచించాను. మా ఇంట్లో ఎప్పుడూ ఖర్చు లేని క్రిస్మసే. నాన్న వెదురు బద్దలకు రంగుల గ్లాసు కాగితం అంటించి స్టార్ చేసేవాడు. అమ్మ కుక్కర్లో ఇసుక పోసి కేకు చేసేది. ఆ ధైర్యంతో ‘తల్లిదండ్రులకు విజ్ఞప్తి’ అని రాసి జిరాక్సు తీయించి పంచాను. కొనకండి, ఇంట్లో ఉన్నవాటితో పిల్లలతో కలిసి చేయండి, స్కూల్లో కట్టే, ఏసు పుట్టిన పశువుల పాకకు కావలసినవి తెచ్చివ్వండి, కేకు ఇంట్లోనే వండండి, కంచాలూ గరిటెలూ వాయించుకుంటూ క్యారల్స్ పాడదాం అని. అన్నిటికన్నా బాగున్న స్టార్‌ను పాక మీద కడతామనీ, దాన్ని చేసిన పిల్లే నాటకంలో చుక్కగా ముందు నడిచి జ్ఞానులకు దారి చూపిస్తుందనీ చివర రాశాను. కింద గీత కూడా గీశాను.

నా విజ్ఞప్తిని జనం మరీ అక్షరాలా పట్టించుకున్నారు. రెండో రోజు ఒక రైతుగారు బతికున్న దూడను తోలుకొచ్చి వరండా స్తంభానికి కట్టేశారు. “ఇదేంటండీ?” అన్నాను. “ఇంట్లో ఉన్నదే తెమ్మన్నారు కదండీ. మా ఇంట్లో ఉన్నది ఇదేనండి” అన్నారాయన. మేం లెక్కలు చెప్పుకుంటుండగా అది పాక పైకప్పు గడ్డంతా తినేసి, మంచు కోసం పరిచిన దూది కూడా కొంత రుచి చూసింది. ఒకావిడ ఇడ్లీ పాత్రలో కేకు వండి పదహారు ముక్కలు తెచ్చారు. చట్నీ ఒక్కటే తక్కువ. క్యారల్స్‌కు కంచాలు వాయించుకుంటూ వీధిలోకి వెళ్తే, ఏ పార్టీవాళ్లో వస్తున్నారనుకుని నాలుగిళ్లవాళ్లు తలుపులు వేసుకున్నారు. అయినా నాకు ఎంత ఆనందంగా ఉండేదో! రాత్రి పడుకుని, వచ్చే ఏడాది ఏం చేయించాలో కూడా అనుకునేదాన్ని.

కార్యక్రమానికి ముందు రోజు రొయ్యపిల్లా వాళ్లమ్మా స్టార్ పట్టుకొచ్చారు. తడిక వెదురుతో చట్రం, దాని మీద చిరిగిన వల, వల వెనక రొయ్యల మేత సంచి లోపలి తెల్ల పొర. అయిదు కొసలకీ నైలాను దారంతో గవ్వలు. వరండాలో కడితే సముద్రపు గాలికి మెల్లగా తిరిగింది, గవ్వలు గలగలమన్నాయి. ఎన్నో ఏళ్లుగా స్టార్లు చేసిన మా నాన్న కూడా అంత మంచిది ఎప్పుడూ చేయలేదు.

“నాలుగు రోజులు దీంతోనే కూర్చున్నాం టీచరమ్మా. ముడులు వాళ్ల నాన్న వేశాడు, గవ్వలు ఇది గుచ్చింది. ఏసయ్య పండగంట కదా, మాకు తెలీదు. తప్పులుంటే మీరు సరిచెయ్యండి” అంది ఆవిడ.

వల కదా, కొంచెం నీచు వాసన ఉంది. కాదనను. స్కూలు చుట్టూ తిరిగే పిల్లులు రెండు వచ్చి దాని కింద కూర్చుని తలలెత్తి చూస్తూ ఉండిపోయాయి. ఆ చుక్కను జ్ఞానులకన్నా ముందు గుర్తుపట్టినవి అవే.

“తప్పులేం లేవండి. రేపు చుక్క మీ అమ్మాయే” అన్నాను. రొయ్యపిల్ల ఇంటిదాకా నేల మీద నడిచి ఉండదు.

మర్నాడు ఉదయం పెద్దసారు కారు ఆగింది. అందులోంచి ఆయన మనవరాలు, గుడివాడలో వేరే స్కూల్లో చదువుకునే పిల్ల, నిద్రమొహంతో దిగింది. ఆ వెనక డ్రైవరు ఒక పెద్ద అట్టపెట్టె దించాడు. పెట్టెలో కొనుక్కొచ్చిన స్టార్. బల్బులు వెలిగి ఆరుతున్నాయి, పాట కూడా పాడుతోంది.

“మా పాప మీ కార్యక్రమం గురించి విని ముచ్చటపడిందమ్మా” అన్నారు పెద్దసారు. “మీరు చెప్పినట్టే చెయ్యండి. నిర్ణయం మీదే. ఆలోచించండి.” రెండడుగులు వేసి ఆగి, “మీ ప్రొబేషన్ ఎప్పటిదాకా అమ్మా?” అన్నారు, టైమెంతైందని అడిగినంత మామూలుగా.

వరండా మెట్లు మూడు. అవి ఎక్కేలోపు ఆలోచించడం అయిపోయింది.

కాసేపటికి రొయ్యపిల్ల తెల్ల గౌనులో వచ్చింది. ఆ రోజు తట్ట ఎత్తకుండా, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వాళ్లమ్మ కూడా వచ్చింది. వరండాలో వాళ్ల స్టార్ నేల మీద ఉంది. నేనే దించాను. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాల్సింది. అనుకోలేదు. నోటికి ఏది ముందు వస్తే అది అనేశాను.

“ఏం లేదండీ... స్టార్‌కి కొంచెం వాసన వస్తోంది. పెద్దవాళ్లు వస్తున్నారు కదా, ఇబ్బంది పడతారేమోనని...”

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. “మొన్న ఆదివారం పులుసు పంపితే గిన్నె కడిగి పంపారు కదా టీచరమ్మా. అప్పుడు రాలేదా వాసన?”

జవాబు కోసం నిలబడింది. ఇంతలో స్టేజీ మీద ఎవరో “హలో హలో, మైక్ టెస్టింగ్” అన్నారు. నన్నే పిలిచారన్నట్టు అటు పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆవిడ స్టార్‌ను తట్టలాగే నెత్తిన పెట్టుకుని, రెండో చేత్తో పిల్లను పట్టుకుని గేటు దాటుతోంది. పిల్లులు రెండూ వాళ్ల వెంట వెళ్లాయి.

నాటకం బాగా జరిగింది. గుడివాడ పాప ఎక్కడ నడవమంటే అక్కడ నడిచింది, పాపం ఆ పిల్ల తప్పేముంది. కరెంటు పోతుందేమోనని నేను చివరిదాకా ఎదురుచూశాను. ఎప్పుడు పడితే అప్పుడు పోయే కరెంటు ఆ రోజు దివిసీమలో ఒక్క నిమిషం కూడా పోలేదు. స్టార్ వెలిగింది, ఆరింది, పాడింది. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు రొయ్యపిల్ల బడికి రాలేదు. సాయంత్రం ఒక కేకు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. స్టార్ వాళ్ల గుమ్మం మీద వేలాడుతోంది. పిల్ల బోరింగు దగ్గర కూర్చుని చేతులు తోముకుంటోంది.

“నిన్న వచ్చిన దగ్గర్నుంచీ అదే పని. సబ్బంతా అరగదీసింది” అంది వాళ్లమ్మ.

రొయ్యపిల్ల లేచి వచ్చి, తడి చేతులు రెండూ నా ముక్కు దగ్గర పెట్టింది. “ఇప్పుడు వస్తోందా టీచర్?”

ఏదో ఒకటి చెప్పి నవ్వించి తప్పించుకోవచ్చు. ఆ విద్య నాకు బాగా వచ్చు. కానీ వేళ్ల కొసలు నాని ముడతలు పడి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. “రావట్లేదమ్మా. నిన్న కూడా వాసన వచ్చి దించలేదు. నాకు భయమేసింది. అందుకని అబద్ధం చెప్పాను” అన్నాను.

“ఎవరంటే భయం?”

“పెద్దసారంటే.”

ఆ పిల్ల నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “మీరు టీచరు కదా?” అంది.

“చాల్లే, లోపలికెళ్లి కుర్చీ తే” అంది వాళ్లమ్మ. కుర్చీ వచ్చింది. మంచినీళ్లిచ్చింది. కేకు తీసుకుంది. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. ఆ ఆదివారం పులుసు రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు. సంక్రాంతి సెలవులయ్యాక రొయ్యపిల్ల సర్కారు బడిలో చేరిందని తెలిసింది. జూన్లో నన్ను కూడా ఇక రావద్దన్నారు. పెద్దసారు స్వయంగా పిలిచి, “మీకిక్కడ ఇబ్బందిగా ఉందేమోనమ్మా” అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, థాంక్స్ చెప్పి బయటికొచ్చి, బస్సు మోపిదేవి దాటాక ఏడ్చాను.

ఇప్పుడు నేను గుడివాడ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పని చేస్తున్నాను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ సెమీ క్రిస్మస్ నాటకం అయ్యాక తీసిన గ్రూపు ఫొటో మా అమ్మాయికి దొరికింది. “అమ్మా, ఇందులో ఎంత బాగున్నావే! ఏదైనా ప్రైజొచ్చిందా?” అంది. చూశాను. పెద్దసారు పక్కన, చేతులు ముందుకు కట్టుకుని, తల కొంచెం వంచి, కుచ్చిళ్లన్నీ ఒక పక్కకు జారిపోయిన ఒక బక్కపిల్ల. ఆ పిల్ల మీద చాలా ఏళ్లు కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. నవ్వొచ్చింది. ఆ క్షణం కూడా నాకు బాగానే గుర్తుంది. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, “టీచరుగారూ, కొంచెం నవ్వండి” అన్నాడు. నవ్వాను. అందరిలోకీ నా నవ్వే బాగా పడింది.