ఎసరు చాటున దాచిన మాట

తార్నాక కూడలి నడినెత్తిన మెట్రో రైలు ఇంకా పరుగెత్తని రోజుల్లో, వార్త అనేది అరచేతిలోని ఫోనులోకి పూర్తిగా దిగిరాక సాయంకాలం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చూచినదాన్నే సత్యమని నమ్ముతున్న కాలంలో, విశ్వవిద్యాలయపు రాతి కమానుల కింద జర్నలిజం చదువుతున్న ఇరవయ్యొకటేళ్ల స్వర్ణ, తన తల్లి నోట వెలువడిన మాటను నడిమికి కోసి లోకానికి వడ్డించడం కళ్లారా చూచి, ఏ దేవునికీ చెప్పుకోని ఒక పగను గుండెలో నిప్పులా కప్పిపెట్టుకొని, పద్నాలుగు వర్షాకాలాలు గడిచినా దానిమీద ఒక్క చుక్క పడనీయక కాపాడుకున్నది.

స్వర్ణ తల్లి పేరు శివమ్మ. భర్త బాలస్వామి కాలం చేసిన తరువాత అడిక్‌మెట్‌లో ఒక ప్రైవేటు వసతిగృహంలో వంటకు కుదిరి, తొమ్మిదేళ్లు అక్కడి విద్యార్థులకు అన్నం వండింది. ఒకనాడు ఆ అన్నం తిని ముప్పై మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణాలు దక్కాయి గాని నగరమంతా గగ్గోలయింది. వారం తిరగకముందే ఒక ఛానెల్ ‘ఈ దుర్ఘటన వెనుక’ అంటూ అరగంట డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. తీసినవాడు నరహరి. జరిగిన వార్తకు పూర్వకథ చెప్పడంలో ఆయనకు మించినవాడు లేడని అప్పట్లో పేరు. ఆయన వంటింటి వెనుక పీట వేసుకొని కూర్చుని శివమ్మ చేత ఇరవై నిమిషాలు మాట్లాడించాడు. టీవీలో వచ్చింది రెండు మాటలు.

“పురుగుల బియ్యమని మాకు తెల్సు సారూ.” తరువాత తెర మీద గుండిగలో తెర్లుతూ మరుగుతున్న ఎసరు, రెండు క్షణాలు. తరువాత మళ్లీ శివమ్మ ముఖం. “మేమే వండినం.” ఆ ముఖం కింద పేరు లేదు. ‘వంటమనిషి’ అని మాత్రం ఉంది.

నడుమనున్నదంతా ఆ ఎసరు చాటున మునిగిపోయింది. ధర్మయుద్ధమని పేరుపడ్డ సమరంలోనే సగం మాటను శంఖధ్వని కప్పివేయగా ఒక మహాగురువు ఆయుధం విడిచి కూలిన వృత్తాంతం మన ఇళ్లలో పసివారికీ తెలుసు. ఇక్కడ శంఖం పని ఎసరు చేసింది.

మరునాడే శివమ్మ పని పోయింది. కాంట్రాక్టరుకు ఏమీ కాలేదు. ఆ ఏడు లాలాపేట్ బోనాలలో శివమ్మ తన బోనం దించగానే, పక్కనున్న సాలమ్మ తన కుండను రెండు మూరల దూరం జరుపుకున్నది. ఒక్క మాట అనలేదు, జరుపుకున్నదంతే. ఇంటికి వచ్చి శివమ్మ అమ్మవారి పటం ముందు నిలబడి, “నా మాట మొత్తం జనం ఇనేదాక బియ్యపు మెతుకు ముట్ట” అని ఒట్టు పెట్టుకున్నది. ఆనాటి నుంచి ఆమెకు మూడు పూటలా జొన్నరొట్టె, జొన్నరవ్వతో కాచిన గట్క. పండుగైనా అంతే, కూతురి పెండ్లినాడైనా అంతే.

చదువు ముగిశాక స్వర్ణ రిపోర్టరు కాలేదు, వార్తలు చదవడానికీ పోలేదు. నరహరి చేసిన పనినే ఏరికోరి పట్టుకున్నది. తార్నాకలో ఒక ఇరానీ హోటల్ మీది అంతస్తులో రెండు గదుల ఆఫీసు. అక్కడి నుంచి ఒక ఛానెల్‌కు ‘పూర్వాపరం’ అనే డాక్యుమెంటరీ వారం వారం తయారుచేసి పంపేది. ఎక్కడ ఏ దుర్వార్త పుట్టినా కెమెరా బయటికి తీయకముందే ఒక పొడుగాటి కాగితం మీద దాని వంశవృక్షం గీసేది: ఇదివరకు ఇట్లా ఎప్పుడు జరిగింది, ఎవరు మొరపెట్టుకున్నారు, ఎవరు విన్నారు, ఎవరు విననట్టు నటించారు. అందుకోసం క్యాంపస్ గ్రంథాలయంలో పాత పత్రికల దుమ్ములో రోజులు గడిపేది.

ఆమె పెట్టుకున్న నియమాలు రెండే. మాట్లాడిన మనిషి పూర్తి పేరు తెర మీద పడాలి. ఎత్తుకున్న మాటను ముగిసేదాకా ఉంచాలి. ఎడిటింగ్ చేసే పరుశురాం ఈ పట్టుదలకు విసిగి ఆమెకు ‘ఫుల్‌స్టాప్ అక్క’ అని పేరుపెట్టాడు. చూచినవారు అది వృత్తిధర్మమని మెచ్చుకునేవారు. అది నూరుకుంటున్న కత్తి అని స్వర్ణకొక్కదానికే తెలుసు.

ఈ ఏడాది ఒక జిల్లా వసతిగృహంలో పిల్లలకు అన్నం వికటించింది. ఛానెల్ వారు పూర్వకథ కావాలన్నారు. స్వర్ణ కాగితం పరిచి ఒక్కొక్కటే రాసుకుంటూ పోయి, అట్టడుగున అడిక్‌మెట్ సంగతి రాసింది. దాని పక్కన నరహరి పేరు రాసి, చాలాసేపు పెన్ను ఎత్తలేదు.

నరహరి ఇప్పుడు పెద్దమనిషి. ఛానెల్ వదిలి, క్యాంపస్‌లో జర్నలిజం విద్యార్థులకు అతిథిగా పాఠాలు చెబుతున్నాడు. డాక్యుమెంటరీలో మాట్లాడాలని స్వర్ణ ఫోన్ చేయగానే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆమె ఎవరి బిడ్డో ఆయనకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? తల్లి పేరే ఆయన ఏనాడూ రాసుకోలేదు.

డిపార్ట్‌మెంట్ వరండాలో కెమెరా పెట్టారు. నరహరి శాలువా సవరించుకొని కూర్చున్నాడు.

“అడిక్‌మెట్ డాక్యుమెంటరీ ఎట్లా తయారుచేశారు సార్?”

“అదా! ఆ వంటావిడ ఇరవై నిమిషాలు చెప్పింది. చాంతాడంత కథ! మేం తీసుకున్నది రెండు వాక్యాలు. అరగంటలో చూసేవాళ్లకు ఒక దోషి కనబడాలి కదమ్మా. లేకపోతే ఛానెల్ మార్చేస్తారు.”

“ఆమె పేరేమిటి?”

“పేరు దేనికి? ముఖం చాలు.” నవ్వాడు.

“విమర్శలు రాలేదా?”

“రాకేం! ‘కాంట్రాక్టరును కాపాడటానికే నేను ఆ డాక్యుమెంటరీ తీశాను’...” అని ఒక్క క్షణం ఆగి, చెయ్యి విదిలించి, “ఈ మాట నా నోట పలికించాలని ఎంతమంది చూశారో! శుద్ధ అబద్ధం. వాడెవడో కూడా నాకు తెలియదు.”

స్వర్ణ తల ఊపింది. ఆయన ఆగిన ఆ ఒక్క క్షణం ఆమె చెవిలో గంటలా మోగింది.

తార్నాక ఆఫీసుకు రాగానే పరుశురాం పక్కన కుర్చీ లాక్కొని కూర్చున్నది.

“‘డాక్యుమెంటరీ తీశాను’ కాడ కొయ్యి. తర్వాతది తీసెయ్.”

పరుశురాం చేతులు మిషన్ మీదనే ఆగిపోయాయి. “ఏందక్కా! ఫుల్‌స్టాప్ అక్క చేతికి కత్తెరెప్పుడొచ్చింది?”

“చెప్పింది చెయ్.”

“కోస్తా. గానీ అతుకు కనవడతది. నడుమ ఏదన్న బొమ్మ పెట్టాలె.”

“గుండిగల ఎసరు తెర్లేది ఉన్నది గదా. గది పెట్టు.”

కిటికీ అవతల మెట్రో రైలు పోతుంటే గాజు గ్లాసులు కదిలాయి. పరుశురాం ఎసరు బొమ్మను తెచ్చి అతుకు మీద పెట్టాడు. పదకొండు క్షణాల ముక్క తయారయింది. అందులో నరహరి తన నోటితో తానే నేరం ఒప్పుకున్నాడు. స్వర్ణ దాన్ని ఏడుసార్లు చూచుకున్నది. పద్నాలుగేళ్లలో ఏ ప్రసాదమూ ఆమె నాలుకకు అంత తీయగా తగలలేదు.

ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ లాలాపేట్ ఇంటికి తెచ్చి తల్లి ముందు పెట్టింది. మెట్రో స్టేషన్‌లో పనిచేసే స్వర్ణ భర్త ముఖేష్ చాయ్ గ్లాసు పట్టుకొని గడపలో నిలబడ్డాడు. శివమ్మ రొట్టె తట్టడం ఆపి, పిండి చేతులతోనే చూచింది. అరవై నాలుగేళ్ల ఆ ముఖంలో ఏ కదలికా లేదు.

“ఇంకోసారి ఎయ్.”

మళ్లీ చూచింది.

“గీ ఎసరు ఎందుకు చూపెట్టినవ్ బిడ్డా?”

స్వర్ణ ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

“నా మాట కోసినప్పుడు సుత గిదే చూపెట్టిండ్రు. గీ ఎసరు కింద ఏం దాసినవ్? చెప్పు.”

“ఆయన గొంతేనమ్మా. నేను కల్పించలే.”

“అప్పుడు నా గొంతు నాది కాదా? నా గొంతుతోనే గదనే నన్ను సంపింది!” శివమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకున్నది. “నా నోరు కోసినోని నోరు నువ్వు కోస్తే, ఇగ నా పగ ఎవ్వలి మీద పట్టుకోవాలె? పద్నాలుగేండ్లు బువ్వ ముట్టకుంట దాసుకున్నది. దాన్ని గిట్ల గలీజు చెయ్యకు.”

“మరి ఇడిసిపెట్టమంటవా?”

“ఇడిసిపెట్టుడా? థూ! ఆయన్ను నా ముంగట కూసోబెట్టు. కూసోబెట్టి, ఒక్క ముక్క కోయకు.”

పదకొండు క్షణాల ముక్కను స్వర్ణ తల్లి ఎదుటనే చెరిపివేసింది. మరునాడు నరహరికి ఫోన్ చేసి, అడిక్‌మెట్ వంటింట్లో పనిచేసిన ఒకరు మాట్లాడతారనీ, ఆయన ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పవచ్చుననీ అన్నది. “తప్పకుండా! చర్చ అంటే నాకు ఇష్టమే” అన్నాడాయన.

క్యాంపస్‌లోని ఒక చిన్న హాలులో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒక్కొక్క ముఖానికి ఒక్కొక్క కెమెరా.

“కోతకు పనికొచ్చేటట్టు వేరే షాట్లు ఏమన్న తియ్యాల్నా అక్కా?” అన్నాడు పరుశురాం.

“వద్దు. కెమెరాలు రెండే. మూడోది పెట్టె నుంచే తీయకు.”

శివమ్మ ఉతికిన చీర కట్టుకొని వచ్చి కూర్చున్నది. నరహరి మర్యాదగా నమస్కరించాడు. గుర్తుపట్టలేదు.

“సారూ,” అని ఆమె మొదలుపెట్టింది. “పురుగుల బియ్యమని మాకు తెల్సు. తెల్సినందుకే రెండు మూటలు ఇప్పకుంట గోడకు నిలవెట్టిన. ఇయ్యి వండనని చెప్పిన. కాంట్రాక్టరు వచ్చి, వండుతవా, బయటికి నడుస్తవా అన్నడు. నేను పోతే ఇంకొకతి వచ్చి కడగకుంట వండుతది. అందుకని ఏడు నీళ్లు కడిగి, ఏరి, మేమే వండినం. అయినా వాసన పోలే. పిల్లలు వరుసల నిలవడ్డప్పుడు, తినకుండ్రి బిడ్డా, బయట ఏమన్న తినుండ్రి అని ఒక్కొక్కనికి చెప్పిన. ఇన్నోళ్లు ఇన్నరు. ఆకలైనోళ్లు తిన్నరు. గిదంతా నీకు చెప్పిన సారూ. మా కాడ పీటేసుకోని, నేనిచ్చిన చాయ్ తాగుకుంట ఇన్నవ్. యాదికొచ్చిందా?”

నరహరి ముఖం మీద రంగు ఒక్కసారిగా దిగిపోయింది. “అమ్మా... చాలా ఏళ్లయింది. ఎడిటింగులో కొన్ని పోతాయి. నిడివి...”

“సరే. గది పక్కకు వెట్టు. ఒక్క ముచ్చట చెప్పు. నా పేరేంది సారూ?”

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. స్వర్ణ వైపు చూచాడు. నీళ్ల గ్లాసు అందుకొని, తాగకుండానే పెట్టేశాడు. బయట చెట్టు మీద కాకి ఒకటి అరిచి ఊరుకున్నది. శాలువా కొన భుజం మీది నుంచి జారినా సర్దుకోలేదు. శివమ్మ కదలలేదు, కన్ను తిప్పలేదు. స్వర్ణ గడియారం చూస్తూ ఒక్కొక్క క్షణం లెక్కపెట్టింది. ఆపమని ఒక్క సైగ చేస్తే ఆయన బతికిపోయేవాడు. చేయలేదు.

నలభై ఏడు క్షణాల తరువాత శివమ్మే అన్నది: “శివమ్మ. రాసుకో.”

స్వర్ణ ఎవరి బిడ్డో ఎవరి నోటనో విని, మూడోనాటి ఉదయం నరహరి తార్నాక ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. శాలువా లేదు.

“మీరు ఆమె కూతురని నాకు చెప్పనే లేదు.”

“మీరు అడగలేదు సార్. పేర్లు అడిగే అలవాటు మీకు లేదు గదా. డాక్యుమెంటరీ మొదట్లోనే రాసిన, ఇది తీసింది శివమ్మ బిడ్డ అని. చూసేటోళ్ల దగ్గర దాస్తలేను.”

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. “నేను చెప్పిందంతా ఉంచండి. గొప్పలు కూడా ఉంచండి. ఆ నిశ్శబ్దం ఒక్కటి... ఐదు సెకన్లకు తగ్గించండి. అంతసేపు టీవీలో ఏమీ జరగకపోతే ఎవరు చూస్తారమ్మా? రేపు నా విద్యార్థుల ముందు నేను ఎట్లా నిలబడాలి?”

“మా అమ్మను రెండు మాటలకు కుదిస్తే ఆమె లాలాపేట్‌ల ఎట్ల నిలవడ్డదో, అట్లనే. ఆమెకు మీరు సగం ఇచ్చిండ్రు. మీకు నేను మొత్తం ఇస్తున్న.”

ఆయన పరుశురాం వైపు దీనంగా చూచాడు.

“మా మిషన్ల కత్తెర కరాబైంది సార్,” అన్నాడు పరుశురాం. “చాయ్ తాగుతరా?”

ఆయన తాగలేదు. మెట్లు దిగుతుంటే పైన రైలు పోయింది. ఆ చప్పుడు ఆగిన తరువాత కూడా స్వర్ణ కాసేపు ఆ ఖాళీ కుర్చీనే చూస్తూ కూర్చున్నది. జాలి కలుగుతుందేమోనని తనను తాను తడిమి చూచుకున్నది. కలుగలేదు.

ఆదివారం సాయంత్రం ప్రసారమయింది. ‘శివమ్మ, పెద్ద వంటమనిషి, తొమ్మిదేళ్లు’ అని తెర మీద అక్షరాలు పడ్డాయి. నలభై ఏడు క్షణాల మౌనాన్ని ఛానెల్ మార్చకుండా జనం చూచారు. మరుసటి వారం నుంచి నరహరి క్యాంపస్ తరగతికి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. క్షమించమని శివమ్మ పేరిట ఒక సందేశం మాత్రం వచ్చింది. కూతురు చదివి వినిపించింది.

“ఇన్నదని రాయి,” అన్నది శివమ్మ. “మాఫ్ చేసిందని రాయకు.”

ప్రసారమైన మరునాడే, సోమవారం పొద్దున, సాలమ్మ చెంబెడు బియ్యం పట్టుకొని గడప ముందు నిలబడ్డది. “శివక్కా... వండు. నీ చేతి బువ్వ తింట.”

“మంచిగ చూసి తెచ్చినవా? పురుగులుంటయేమో!” అన్నది శివమ్మ, లోపలికి రమ్మనకుండానే. సాలమ్మ తల వంచుకున్నది. ఆమెను అట్లాగే కొంతసేపు నిలబెట్టి, ఆ తరువాతే బియ్యం అందుకొని చాటలో పోసింది. గింజ గింజా ఏరింది. ఏడు నీళ్లు కడిగింది. ఎసరు తెర్లుతుంటే మూత తీసి, దాని కింద ఇక దాచవలసింది ఏమీ లేదన్నట్టు తేరిపార చూచింది. అమ్మవారి పటం ముందు ఇంత పెట్టి, పద్నాలుగేళ్ల తరువాత మొదటి ముద్ద నోట పెట్టుకున్నది. స్వర్ణ ఆ ముద్దను కళ్లతోనే తిన్నది.

వాక్కుకు అధిదేవత అయిన తల్లి ఆ ఇంటిని చల్లగా చూచుగాక. శివమ్మ పొయ్యి మీద ఎసరు ఎన్నడూ ఆరకుండుగాక. ఆమె వడ్డించిన అన్నం తిన్నవారికి ఆయువై నిలుచుగాక. స్వర్ణ, ముఖేష్‌ల కడుపు పండి, ఆ ఇంట పుట్టబోయే బిడ్డలను ఊరంతా నిండు పేరుతో పిలుచుగాక, వారి మాటను లోకం చివరిదాకా వినుగాక.