పిలిస్తే పలికేవాళ్ళు

ఈ రోజు తిరుప్పూరు బస్సులో మా వీధి మేరీ అత్త నా పక్కన కూర్చుంది. బనియన్ కంపెనీలో పనిచేస్తుంది. నేను వింటున్న, గొంతు చించుకుని పాడే క్రిస్టియన్ మెటల్ రాక్ ఆల్బమ్ బయటికి వినబడిందేమో, నా ఇయర్‌ఫోన్ ఒకటి లాగి తన చెవిలో పెట్టుకుంది.

"ఎవురు కణ్ణు, ఇట్ల అరస్తా ఉండాడు?" అంది, ఎప్పటిలా ముద్దుగా తమిళంలో 'కణ్ణు' అని పిలుస్తూ.

"ఏసయ్యనే పిలస్తా ఉండాడత్తా."

"పావం. వానికెవురూ లేరా?"

"లేకేం? ఈ ఆల్బమ్ లక్షలమంది కొన్నారు."

"కొనేవాళ్ళు ఉంటారు. పిలిస్తే పలికేవాళ్ళు ఉండారా?"

అత్త పాట అయ్యేదాకా విని, ఇయర్‌ఫోన్ కొంగుతో తుడిచి ఇచ్చి, తన స్టాపులో దిగిపోయింది.

మూడేళ్ళుగా ఈ ఆల్బమ్ వింటున్నాను. నాతో కలిసి ఒక పాట చివరిదాకా విన్నది అత్త ఒక్కతే. ఆ లక్షలమందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఒకసారి పలకండి.